నూకరత్నం మెడ

నేను ఒక ప్లాస్టర్ తలను. మెడ కూడా ఉంది, భుజాలతో సరి. వైద్య కళాశాలలో ఒక గాజు బీరువా నా కాపురం. చెవి వెనక, దవడ కింద, గడ్డం కింద, మెడ పొడవునా నాకు ఆకుపచ్చ చుక్కలుంటాయి. అవి లింఫ్ గ్రంథులు, రోగం రాకుండా కాసే కావలివాళ్ళు. రోగం చొరబడితే ఉబ్బుతాయి. అప్పుడు జనం ‘బిళ్ళ కట్టింది’ అని పసుపు రాసి ఊరుకుంటారు. ముక్కుపుడక మీదున్న శ్రద్ధ మనుషులకు వీటి మీద ఉండదు.

నన్ను చేసింది గంగాచలం, కాకినాడలో వినాయకుడి బొమ్మలు పోసేవాడు. కళాశాలవాళ్ళు తల కావాలంటే భార్య నూకరత్నాన్నే బల్ల మీద పడుకోబెట్టాడు. మొహానికీ మెడకీ కొబ్బరినూనె పూసి, ఊపిరికి ముక్కులో బొప్పాయి కాడలు పెట్టాడు.

“బతికుండగానే బొమ్మను చేసేత్తన్నావేంటయ్యా?” అని ఆమె నవ్వింది.

అచ్చులో గాలి బుడగ పడితే బొమ్మ మీద బొడిపె లేస్తుంది. దాన్ని గీకి నున్న చేయడం ఆ పనివాళ్ళ అలవాటు. నా ఎడమ దవడ కింద మూడు బొడిపెలు లేచాయి. గంగాచలం గరుకు కాగితంతో రుద్దేసి, పైన ఆకుపచ్చ చుక్కలు పెట్టాడు.

అవి బుడగలు కావు. ఏడాది తిరక్కుండానే నూకరత్నం దగ్గుతో, సాయంకాలం జ్వరంతో చిక్కి శల్యమైంది. క్షయ అన్నారు. చివరి రోజుల్లో ఒళ్ళు తుడుస్తుంటే ఆమె దవడ కింద మూడు బిళ్ళలు గంగాచలం చేతికి తగిలాయి. తను బొమ్మ మీద గీకేసిన చోటే.

ఆమె పోయి, దినం అయ్యాక కళాశాలకు వచ్చాడు. నా మొహం చూడలేక మెడనే చూస్తూ, ప్రొఫెసర్ హైమవతి గారికి జరిగిందంతా చెప్పాడు.

“అయి గీకెయ్యకుండా ఆ రోజే మీకు చూపించుంటే, మా రత్నం బతికేదాండీ?”

ఆవిడ ఒకసారి నా దవడ కింద చూశారు, ఒకసారి అతన్ని చూశారు.

“లేదు గంగాచలం. అప్పటికే చెయ్యి దాటిపోయింది. నీ తప్పేం లేదు.”

అతను భోరున ఏడ్చి, చేతులు జోడించి, తేలికపడి వెళ్ళిపోయాడు.

తరువాత విద్యార్థులకు పాఠం మొదలైంది. హైమవతి గారు నా ఎడమ దవడ కింద వేలు పెట్టారు. “ఇక్కడ బిళ్ళలు తగిలితే క్షయేమో చూడండి. మొదట్లోనే పట్టుకుంటే మందులతో నయమైపోతుంది,” అన్నారు, వేలు తియ్యకుండానే.

అంతా విన్నాను. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు.

గంగాచలం ఏటా తద్దినం నాడు వస్తాడు. బీరువా ముందు కూర్చుని, “నా తప్పేం లేదన్నారే రత్నం, డాట్రమ్మ గారే అన్నారు,” అని చెప్పుకుంటాడు. ఆమె పెదవులే నావీ. అవి విచ్చుకోనందుకు ఆ ఒక్కరోజు సంతోషిస్తాను.