గెలిచిన కేసు

నేను ఒక ఇనుప పెట్టెను. ఓడల మీద సరుకు మోసే చల్లని కంటైనర్‌ను. చైనాలో ఒక రేవు పక్కనున్న కర్మాగారంలో పుట్టాను. రంగు సరిగా ఆరకముందే ఓడెక్కించారు. మాంసం, అరటిపళ్లు, మందులు, చేపలు, ఏది నింపితే అది మోశాను. ఏ రేవులో దింపినా ఎవరో ఒకరు కాగితాలు పట్టుకొచ్చి, తలుపు తీసి, తల లోపలికి పెట్టి, చలికి వణికి వెనక్కి తగ్గేవారు. ఒకరి తిండి ఒకరికి చేర్చడానికి మనుషులు ఇంత తంటాలెందుకు పడతారో నాకు చాలాకాలం బోధపడలేదు.

వయసు మీద పడి నా కంప్రెసర్ మొరాయించడం మొదలుపెట్టాక ఓడ కంపెనీ నన్ను విశాఖపట్నంలో అమ్మేసింది. కొన్నది కలిదిండి సుబ్బరామరాజు. నరసాపురానికి దిగువన, సముద్రం దరిదాపుల్లో ఆయనకొక చిన్న రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. కంప్రెసర్ బాగుచేయించి, నన్ను దాని వెనక సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి, కోల్డ్ రూముగా వాడుకున్నాడు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు మధ్యాహ్నం నా నీడన కూర్చుని అన్నాలు తినేవారు. వాళ్లకు మేస్త్రి ఓలేటి నూకరత్నం. గొంతు పెద్దది. నవ్వితే ఫ్యాక్టరీ ముందున్న వాచ్‌మన్‌కు వినిపించేది. రాజుకూ ఫోను వస్తే నా వెనక్కి వచ్చి మాట్లాడే అలవాటు. అందువల్ల ఆ ఫ్యాక్టరీ గుట్టంతా నా చెవిన పడేది.

కష్టకాలం ఒక ఫోనుతోనే మొదలైంది. రాజు సరుకంతా కొనే పెద్ద దేశం ఒకటుంది. మనవాళ్లు ఖర్చుకన్నా తక్కువకు అమ్మి తమ రైతుల పొట్ట కొడుతున్నారని అది ఆరోపించి, మన రొయ్యల మీద భారీగా అదనపు సుంకం వేసింది. ఆర్డర్లు ఆగిపోయాయి. మన ప్రభుత్వం ఆ సుంకం అక్రమమంటూ జెనీవాలో, దేశాల మధ్య వ్యాపార తగవులు తీర్చే చోట, కేసు వేసింది. లెక్కల విషయంలో సాయానికి కొందరు ఫ్యాక్టరీ యజమానులను వెంట తీసుకెళ్లారు. వాళ్లలో రాజు ఒకడు.

తిరిగొచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని నూకరత్నం వాళ్లకు అదంతా వర్ణించి చెప్పాడు. "పెద్ద దేశం, చిన్న దేశం అని లేదమ్మా అక్కడ. ఇద్దరికీ ఒకటే బల్ల, ఒకటే మైకు. మన లాయరు అడిగితే నేనే లేచి చెప్పేను, మా చెరువులో మేత ఎంత, కరెంటు ఎంత అని. అందరూ నోరెత్తకుండా విన్నారు." ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు పక్క ఊళ్లో ఫ్యాక్టరీ నడిపే మల్లిడి సుధాకరరెడ్డి వచ్చాడు. రాజుకు పాత స్నేహితుడే.

"రాజుగారూ, సుంకం మన దేశం పేరుకే కదా. సరుకు వేరే దేశం పంపుదాం. అక్కడ అట్టపెట్టెలు మార్చి, వాళ్ల పేరు మీద ఎక్కిస్తారు. మనిషి రెడీగా ఉన్నాడు. మీరు సరేనంటే చాలు."

"వద్దు రెడ్డిగారూ. అంతమంది ముందు నిలబడి మా సరుకు నిఖార్సయిందని చెప్పొచ్చేను. రేపు ఇది బయటపడితే దేశం కేసే పోద్ది."

"కేసు తేలేలోగా మనం తేలిపోతామేమో చూసుకోండి" అని రెడ్డి లేచి వెళ్లిపోయాడు.

ఈ మాటలు నూకరత్నం విన్నది. సాయంత్రం రాజు దగ్గరికొచ్చి అడిగింది. "రెడ్డిగారి ఫ్యాక్టరీలో ఆడోళ్లకి పిలుపొచ్చిందండి. వెళ్లమంటారా, ఉండమంటారా?"

"తీర్పొచ్చేదాకా ఉండు నూకరత్నం. మనవైపు న్యాయం ఉంది. మీరు వెళ్లిపోతే తీర్పొచ్చినా ఫ్యాక్టరీ నడవదు" అన్నాడు రాజు.

ఆమె ఆడవాళ్లందరికీ నచ్చజెప్పి ఆపింది. పని వారంలో సగానికి పడింది. తర్వాత ఇంకా తగ్గింది. అన్నాల వేళ గిన్నెల్లో కూరలు మాయమై పచ్చడి మెతుకులు మిగిలాయి. నూకరత్నం కూతురు మంగతాయారు కాకినాడలో నర్సింగు చదివేది. చదువు మానేసి, ఒక సోమవారం తల్లి వెనకాలే వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని రొయ్యల బల్ల ముందు నిలబడింది. ఆ రోజు నూకరత్నం గొంతు నాకు వినబడలేదు.

కేసు సాగి సాగి, చివరికి తీర్పు వచ్చింది. మనమే గెలిచాం. సుంకం అక్రమమని, తీసేయాలని చెప్పారు. రాజు బుట్టెడు పూతరేకులు తెప్పించి తన చేత్తో పంచాడు. ఆడవాళ్లు ఆ రోజు మధ్యాహ్నం చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ సంబరం నెల తిరక్కుండానే పోయింది. ఢిల్లీ నుంచి లాయరు ఫోను చేశాడు. రాజు నా గోడకు చెయ్యి ఆనించి విన్నాడు. ఓడిన దేశం అప్పీలు చేసిందట.

"చెయ్యనివ్వండి. అక్కడా గెలుస్తాం. విచారణ ఎప్పుడు?" అన్నాడు.

దానికి లాయరు ఏమన్నాడో నాకు వినబడలేదు. నా గోడ మీద ఆయన చెయ్యి మాత్రం జారడం తెలిసింది.

"జడ్జీలు లేరా? ఒక్కరూ?" అన్నాడు. తర్వాత, "మరి అప్పీలు ఎలా తీసుకున్నారండీ?" అన్నాడు.

మర్నాడు ఆడవాళ్లను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పీళ్లు వినే బెంచీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. కొత్తవాళ్లను వేయాలంటే దేశాలన్నీ ఒప్పుకోవాలి, అవి ఒప్పుకోవడం లేదు. అప్పీలు తేలేదాకా తీర్పు అమలు కాదు. ఆ పద్ధతిని బాగుచేయడానికి చర్చలు జరుగుతున్నాయి.

"చర్చలు ఎప్పటికవుతాయండీ?" అని అడిగింది నూకరత్నం.

"ఎవరూ చెప్పలేకపోతున్నారమ్మా."

"ఇది మీకు ముందు తెలీదా?"

"బెంచీ ఖాళీ అని పేపర్లో చదివేను. గెలిచేక ఒప్పుకుంటారులే అనుకున్నాను."

ఆమె తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక వెళ్లారు.

ఆ వేసవిలోనే ఫ్యాక్టరీ మూతబడింది. బల్లలు, తూకం మిషను, నన్ను కూడా సుధాకరరెడ్డి కొన్నాడు. నూకరత్నం, మంగతాయారు, ఆ ఆడవాళ్లంతా అప్పటికే ఆయన దగ్గర కుదిరారు, కొత్తగా చేరినవాళ్ల కూలికే. ఒలిచిన రొయ్యలను వాళ్లు అట్టపెట్టెల్లో సర్ది నాలో పేర్చేవారు. సముద్రం అవతల ఆ అట్టపెట్టెలు మారతాయి. అందుకే వాటి మీద మన దేశం పేరు చిన్నగా, ఊడదీయడానికి వీలుగా అతికించి ఉండేది.

కొన్నాళ్లకు రాజు కూడా వచ్చాడు, మేనేజరుగా. జెనీవాకు వెళ్లొచ్చిన మనిషి సంతకమంటే విదేశీ కొనుగోలుదారులకు గురి ఉంటుందని రెడ్డి కబురు పెట్టాడు. అన్నీ అమ్ముకున్నవాడికి కాదనే ఓపిక లేకపోయింది. తన మొదటి లోడు రోజు నా తలుపు దగ్గర నిలబడి, సరుకు ఫలానా దేశం చెరువుల్లో పెరిగిందని రాసి ఉన్న కాగితాన్ని రెండుసార్లు చదివాడు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

నూకరత్నం లోపల పెట్టెలు సర్దుతూ చూసింది.

"ఈ సంతకం ఆనాడే పెట్టుంటే నా పిల్ల చదువుకునేదండి" అంది. కోపంగా అనలేదు. చలికి ఆమె మాట పొగలా బయటికి వచ్చింది.

రాజు పెన్ను మూత పెట్టాడు. "ఔను" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె ఆగింది. ఆయన కాగితం మడిచి లారీ డ్రైవరుకిచ్చి, తల తిప్పుకున్నాడు.

"తలుపెయ్ నూకరత్నం. సరుకు కరిగిపోద్ది" అన్నాడు.

ఆమె బయటికొచ్చి, రెండు చేతులతో నెట్టి, నా తలుపు మూసింది.