అక్క గొంతు

తాళాలు బాగుచేసేవాడికి ఇల్లూ కొట్టూ ఒకటే. మధ్యలో ఒక పరదా. పెళ్లాం పోయాక పరదా అవతల చప్పుడు లేదు. అతనికి అదే అలవాటైంది. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు.

మరదలు ఒక సంచీతో వచ్చి ఆ అలవాటు చెడగొట్టింది. మొగుడు కొడితే వచ్చింది. పెదవి చిట్లి ఉంది. "బావా" అని పిలవగానే అతని చేతిలోని స్క్రూడ్రైవర్ జారిపోయింది. అచ్చం అక్క గొంతు.

పెళ్లికి ముందు ఒకసారి అక్కే అనుకుని ఫోనులో చెల్లెలితో కబుర్లాడి నవ్వులపాలయ్యాడు. తర్వాత తేడా పట్టుకున్నాడు. భార్య మాట చివర కొంచెం ఊపిరి మిగిలేది. ఈమెకి మిగలదు. ఈమె మాట్లాడేకొద్దీ ఆ కాస్త తేడా చెరిగిపోతుందని అతని భయం. భార్యది అతని దగ్గర మిగిలిందల్లా అదే.

"ఆదివారం దాకా ఉండు. ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు.

పెళ్లాం ఆసుపత్రి మంచం మీద చెల్లి, చెల్లి అని కలవరించింది. చెల్లి రాలేదు. మొగుడు పంపలేదట. ఆ 'అట' అతనికి అప్పుడూ పనికిరాలేదు, ఇప్పుడూ పనికిరాదు.

"ఇంకో సంగతి. ఇంట్లో మాట్లాడకు."

"అదేంటి బావా?"

"నీది దాని గొంతు."

ఆమె చిట్లిన పెదవితోనే నవ్వింది. "పాత గొంతు తీసుకుని కొత్తది ఇచ్చే కొట్టేదన్నా ఉంటే చెప్పు, మార్చుకొస్తా."

అతను నవ్వలేదు. ఆకురాయి తీసి, అరగదీయక్కర్లేని తాళంచెవిని అరగదీశాడు. ఆమె నోరు తెరిచినప్పుడల్లా అదే చప్పుడు. చివరికి ఆమె నోటికి తాళం పడింది. మొగుడింట్లో నేర్చిన విద్యే, కష్టం కాలేదు.

శనివారం తోడల్లుడు ఫోన్ చేశాడు. చేతులకి నూనె ఉంటే ఇతను మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

"అన్నయ్యా, మా ఆవిడ గానీ అక్కడికొచ్చిందా?"

వచ్చింది, తీసుకుపో అంటే సరిపోయేది. అతను అనబోయాడు కూడా. అంతలో పెరట్లోంచి వచ్చిన మరదలు, ఏ ధ్యాసలో ఉందో, పరదా అవతలనుంచే గట్టిగా అడిగింది:

"గుడ్డలు ఆరిపోయాయి, మడతపెట్టేయనా?"

ఫోనులో పకపకా నవ్వు.

"ఎవరన్నయ్యా ఆవిడ? వదిన పోయి ఏడాదన్నా తిరగలేదు, అప్పుడే తెచ్చిపెట్టుకున్నావా? గట్టివాడివే!"

అతను ఫోను వంక చూశాడు. ఇన్నేళ్లు కాపురం చేశాడు వీడు.

"పనిమనిషి," అన్నాడు. "నీ పెళ్లాం ఇక్కడికి రాలేదు."

"వస్తే పంపించెయ్."

పెట్టేశాడు. మరదలు పరదా పట్టుకుని నిలబడి ఉంది. భుజం మీద ఆరిన గుడ్డలు.

"పోల్చుకోలేదు," అంది. ఏడవలేదు. "ఎప్పుడన్నా వింటే కదా."

 అతను పళ్లు లేని కొత్త తాళంచెవి ఒకటి తీసి, బిగించి, పళ్లు కోశాడు. దుమ్ము ఊది ఆమె చేతిలో పెట్టాడు.

"వీధి తలుపుది."

ఆమె గోడ మేకుకి వేలాడుతున్న పాత తాళంచెవి వంక చూసింది. "కొత్తది ఎందుకు బావా? అక్కది ఉందిగా."

"అది అక్కది," అన్నాడు. "అది చచ్చేటప్పుడు నువ్వు రాలేదు. గుడ్డలు మడతపెట్టు."

ఆమె లోపలికి వెళ్లింది. ఏదో చొక్కాకి గుండీ ఊడిందని అక్కణ్నుంచే చెబుతోంది. ఆకురాయి బల్ల మీదే ఉంది.