కోటి ఉంగరాలు

నాలుగేళ్లు! ఏళ్లకేళ్లు ఈ బాక్టీరియాకే ధారపోశాను. ఒక్కో కణం తన లోపలే ఒక్కో రకం బుల్లి పెప్టైడ్, అంటే ప్రోటీన్ ముక్క, తయారుచేసి, రెండు కొసలూ కలిపి ఉంగరంలా ముడేస్తుంది. అలాంటివి కోటి రకాలు. ఏదో ఒకటి క్షయకు మందు కాకపోతుందా అని ఆశ. ఆ కోటీ ఫ్రీజర్లో పది ట్యూబుల్లో ఉండేవి. నా పీహెచ్‌డీ అంతా ఆ పది ట్యూబులే.

నెల రోజులు సెలవు పెడుతూ వాటిని భ్రమరాంబకు అప్పగించాను. గోపాలపట్నం నుంచి వచ్చే కాంట్రాక్టు టెక్నీషియన్. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి.

తిరిగొచ్చి పరీక్షిస్తే, నలభై కణాల్లో ముప్ఫైతొమ్మిది ఒకే రకం. వాటిలో ఒక్కటీ ఉంగరం చేయడం లేదు! ఉంగరం చేయడం కణానికి బరువు. పని ఎగ్గొట్టినవే తొందరగా పిల్లల్ని పెడతాయి. మళ్లీ మళ్లీ పెంచితే చివరికి మిగిలేది ఆ సోమరిపోతులే.

"ఏటి సేసారక్కా వీటిని?" అని అరిచాను.

"నానేటి సేసానమ్మా? రోజూ నిన్నటిదాంట్లోంచి కొంచెం తీసి కొత్త సీసాలో ఏసి, షేకర్లో ఊపుతూ పెంచాను. తాజాగుంటాయని వాటినే ఫ్రీజర్లో ఎట్టి, పాతవి పారేసాను."

"పాతవి పారేసారా! ఎవరు సెప్పారు మీకు?"

"నువ్వే కదమ్మా. పెరుక్కి తోడెట్టినట్టే, నిన్నటిది సుక్కేస్తే సాలన్నావు."

అన్నాను. సులువుగా అర్థమవుతుందని నవ్వుతూ అన్నాను. తోడు మారేకొద్దీ రకాలు రాలిపోతాయని మాత్రం చెప్పలేదు. నా నోరు పడిపోను!

అరుపులు విని మా గైడు గురునాథరావు గారొచ్చారు. సంగతి విని మండిపడ్డారు.

"ఇలా పెంచమని ఎవరు చెప్పారు? రోజలిన్, నువ్వు చెప్పుంటే మాత్రం నీ పీహెచ్‌డీ గడువు పెంచమని నేను సంతకం పెట్టను."

భ్రమరాంబ నా వైపు చూసింది. కోపంగా కాదు, ధీమాగా. "నువ్వు సెప్పమ్మా," అంది.

చూపు తప్పించి సార్ వైపు తిరిగాను.

"నాకు తెలీదు సార్. నేనప్పుడు లేను."

రేపట్నుంచి రావద్దని ఆమెతో అక్కడికక్కడే చెప్పేశారాయన. ఆమె నన్ను తిట్టినా బాగుండేది. సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"షేకర్లో సీసా ఎట్టానమ్మా. నాలుగింటికి తియ్యాలి, మర్సిపోకు."

సిగ్గులేనిదాన్ని, నాలుగింటికి తీశాను.