దీపం పట్టాల్సిన చేతులు

మనవాళ్లు వలసపోయిన ఆ దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, అక్కడి మాంటాన్ బ్లాంష్ ఊరి గుడికి ఆదినారాయణను పూజారిగా పెట్టినప్పుడు ఊళ్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు పూజారేమిటన్నారు. ఆ ఆడటం కూడా ఏపాటిది? గోలు కాసే మార్సెల్‌కు దెబ్బ తగిలితే దిగడానికి పక్కన కూర్చోబెట్టిన మనిషి. మార్సెల్‌కేమో దెబ్బ తగిలేది కాదు. బెంచీ అరగదీస్తూనే చదువంతా గడిచిపోయింది. అనేవాళ్లను అననీ, అతని పూజారితనం మొదలైంది ఆ బెంచీ మీంచే.

ధీమాకు మాత్రం అతనికి ఎన్నడూ లోటు లేదు. కాలేజీ ఉన్న వకోవా ఊరి వానలో నానుతూ కూర్చుని, "మార్సెల్ మంచివాడే గానీ, నేను దిగితే బంతి దాటదు" అని ఆడకముందే చెప్పేవాడు. జట్టంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు, మాట మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు.

కాలేజీ ఆఖరి ఏడాది, రామభజనకు దీపం పట్టే వంతు వాళ్లింటికి వచ్చింది. ఇంట్లో వెలిగించిన దీపాన్ని చేతుల్లో మోసుకెళ్లి గుడి నడుమ పెడితే ఊరంతా దాని చుట్టూ తిరుగుతూ పాడుతుంది. భర్త పోయిన నాటినుంచి తల్లి నాగమ్మ ఆ వంతు కోసమే కళ్లలో వత్తులేసుకుని ఎదురుచూసింది. తన గడపలోంచి దీపం బయలుదేరడం చూడాలి, అంతకుమించి ఆమెకు వేరే కోరిక లేదు. దీక్ష ఇస్తూ ముసలి పూజారి వీరాస్వామి ఒక్క నియమం గట్టిగా చెప్పాడు. దీపం పట్టే చేతికి తోలు తగలకూడదు.

ఆదినారాయణ చెప్పులు విడిచాడు. తోలు బెల్టు తీసేసి ప్యాంటుకు తాడు కట్టుకున్నాడు. కప్పు పోటీ చివరి ఆట సరిగ్గా భజన రోజునే పడినా అతను కంగారు పడలేదు. బెంచీ మీద కూర్చునేవాడి చేతికి తోలు బంతి ఎందుకొస్తుంది? చెల్లెలు తులసి అతనికి మడిగా వండిపెట్టి, తానూ అదే ఒంటిపూట తిని, నేల మీద పడుకుంది. అలా ఉండమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రాని దెబ్బ ఆ రోజే వచ్చింది. సగం ఆట అయ్యాక మార్సెల్ వేలు విరిగింది. ఆట నేర్పే జీన్ బెంచీవైపు తిరిగాడు.

"ఆదీ, రాంత్రే! దిగు, త్వరగా!"

ఆదినారాయణ గుడ్డ బూట్లతో దిగి, చేతులు వెనక్కి కట్టుకుని గోలులో నిలబడ్డాడు. మైదానమంతా గొల్లుమంది. మొదటి బంతిని మోకాలితో ఆపాడు, తర్వాతిదాన్ని పాదంతో తన్నేశాడు, ఇంకోదానికి ఛాతీ అడ్డం పెట్టాడు. నియమం చేతులకే కదా అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. లాయరు కావలసినవాడు!

"సెర్వి తో లామే! చేతులు వాడరా! దేవుడు నీకు చేతులెందుకిచ్చాడు?" అని జీన్ గీత అవతల గొంతు చించుకున్నాడు.

జట్టు ఒక్క గోలు ముందుంది. ఆట ముగియబోతుండగా ఎదుటివాళ్లకు పెనాల్టీ దొరికింది. గోలు వెడల్పంతా కాళ్లతో కాయడం ఎవరి తరమూ కాదు. ఆదినారాయణకు తల్లి ముఖం కళ్ల ముందు మెదిలింది. చేయి చాస్తే ఆమె కోరిక పోతుంది. చాచకపోతే, ఇంత కష్టపడి ఆడినవాళ్లంతా తన దీపం కోసం ఓడిపోతారు. నా పుణ్యానికి వాళ్లెందుకు ఏడవాలి అనుకున్నాడు. చేతులు విప్పాడు. కుడివైపు దూసుకొచ్చిన బంతిని రెండు చేతులా పట్టి గుండెలకు అదుముకున్నాడు. జట్టు అతన్ని భుజాలకెత్తుకుంది. అతనికి ఒళ్లు పొంగిపోయింది, ఆ మాట దాచడమెందుకు.

ఇంటికెళ్లే బస్సు కార్తియే మిలితేర్ ఊరు దాటేసరికి ఆ పొంగు చల్లారింది.

ఇంటి ముందు జనం తాళాలతో సిద్ధంగా ఉన్నారు. వీరాస్వామి గడప దగ్గర నిలబడ్డాడు. నాగమ్మ చేతిలో హారతి పళ్లెం.

"తాతా, బంతి పట్టినాను. ఈ రెండు చేతుల్తోనే. తోలు బంతి."

తాళాలు ఆగిపోయాయి. నాగమ్మ ముఖం మాడిపోయింది.

"ఎందుకు చెప్పినావురా? ఇక్కడ ఎవరికీ తెలీదు కదా!"

"తెలీదనే చెప్పినానమ్మా."

వీరాస్వామి నిట్టూర్చాడు. "అయితే వంతు పక్కింటికి పోతాది."

"ఎందుకు పోవాల? చెడింది నా దీక్ష, ఇంటి దీక్ష కాదు. తులసి నాతో సమంగా ఉపాసముంది. నేను పడిపోతే దిగాల్సింది అదే."

"ఆడపిల్ల దీపం పట్టడమా?" అని పక్కింటి వెంకయ్య గొణిగాడు.

"పట్టకూడదని ఎవరు చెప్పినారు మామా? చెప్పు, వింటాను."

వీరాస్వామి తులసివైపు తిరిగాడు.

"తోలు తాకినావా అమ్మీ?"

"లేదు తాతా."

"అయితే చేతులు కడుక్కో."

తులసి పరుగున లోపలికి వెళ్లింది. వీరాస్వామి ఆదినారాయణ భుజం పట్టుకున్నాడు.

"రేపట్నుంచి గుడికి రా. మంత్రాలు నేర్పుతాను."

"నా చేతులు చెడిపోయినాయి కదా, తాతా."

"చేతులదేముందిరా, కడిగితే సరి. పక్కన ఎవరు కూర్చున్నారో చూసే కళ్లు నేనెక్కడ కొనుక్కొచ్చేది?"

తులసి దీపం రెండు చేతులా ఎత్తింది. నాగమ్మ ఏడుస్తూనే హారతి ఇచ్చి పక్కకు జరిగింది. ఆ గడపలోంచి దీపం బయలుదేరింది.