నంతేజను ఎవరూ అడగలేదు

"మీ వదినకి చెప్పు, మగపెళ్ళివాళ్ళు శనివారం వస్తున్నారట" అన్నాడు యొకానా పెళ్ళాంతో, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

ఆ వదిన మిరియా అతని సొంత అక్క. కాఫీ చెట్ల అవతల ఇల్లే. గొంతు కాస్త పెంచితే వినపడుతుంది. అయినా నంతేజ చీపురు గోడకానించి బయల్దేరింది. ఏడేళ్ళుగా అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలన్నీ ఆమె కాళ్ళ మీదే నడుస్తున్నాయి.

ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలీదు. తండ్రి చర్చిలో వాక్యం చెప్పిన పెద్దమనిషి. ఆయన పిల్లలు మొహమొహాలు చూసుకోరంటే పరువేం కాను? అందుకని ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఒకే పాటల పుస్తకం పట్టుకుంటారు. ఇంటికొచ్చాక ఆ పరువు కాపాడే పని నంతేజది. "రాతి గుండెవాడు, నా గుమ్మం తొక్కొద్దని చెప్పు" అని వదిన అంటే, "వదినకి ఒంట్లో నలతగా ఉందట, తర్వాత రమ్మంది" అని భర్తకు చేరవేసేది. "ఆ నాటుమందుల మహాతల్లికి నా ఇంట్లోంచి మెతుకు వెళ్ళకూడదు" అని అతనంటే, మర్నాడు వేరుశనగ పులుసు గిన్నె పట్టుకెళ్ళి "ఆయనే పంపారు వదినా" అనేది. ఇద్దరి కోపాన్నీ నమిలి మెత్తగా చేసి ఇద్దరికీ పెట్టడంలో, తను తనకోసం మాట్లాడిందేమిటో వెతుక్కుంటే ఉప్పు, నీళ్ళు, కట్టెలు, ఇవే తేలేవి.

గొడవ అత్తగారి చావు దగ్గర మొదలైంది. అప్పట్లో యొకానా రాజధాని కంపాలాలో లారీ నడిపేవాడు. "ఆసుపత్రికి పోనివ్వకుండా ఆకురసాలు పోసి అమ్మని చంపింది" అని అతను. "లారీ ఉండి కూడా కన్నతల్లిని ఎక్కించుకోడానికి రాలేదు" అని ఆమె. ముసలావిడ పక్కన కూర్చుని, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, గుడ్డలుతికింది మాత్రం నంతేజ. మైల తీరాక ఒకసారి నోరు తెరిచింది. "అసలు అత్తయ్య ఏమందంటే..."

"మా అమ్మ సంగతి నీకేం తెలుసు? బయటినుంచి వచ్చినదానివి" అన్నాడు యొకానా. అవతలింట్లో మిరియా కూడా అదే అంది. వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డది ఆ ఒక్కసారే.

ఇప్పుడు కూతురు కెవినా పెళ్ళిమాటలు వచ్చాయి. వాళ్ళ ఆచారంలో మేనత్త చెయ్యి పట్టుకుని తీసుకొస్తే తప్ప పిల్ల మగపెళ్ళివాళ్ళ ముందుకు రాకూడదు. అందుకే శుక్రవారం పొద్దున వంశంలో పెద్దాయన లుబోవ వచ్చి అక్కాతమ్ముళ్ళిద్దర్నీ యొకానా ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"రేపు ఆవిడ ఏ రంగు బట్ట కడుతుందో కనుక్కో" అన్నాడు యొకానా పెళ్ళాంతో. అక్క చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది.

"నేనేది కట్టుకుంటే వాడికెందుకట?" అంది మిరియా, ఆమె కూడా నంతేజనే చూస్తూ.

"ఏమిట్రా ఈ వేషాలు? నోళ్ళు పడిపోయాయా మీకు?" అన్నాడు లుబోవ.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మిరియా ముందు తేరుకుంది. "మాకేం గొడవల్లేవు పెదనాన్నా. ఈ పిల్లే అటో మాట ఇటో మాట మోసి కాస్త ఎడం తెచ్చింది."

నంతేజ భర్త వైపు చూసింది. అతను టీ కప్పులోకి చూస్తూ "ఆడవాళ్ళ నోళ్ళు కదా" అన్నాడు.

ఆమె అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని పెద్దాయనకు టీ అందిస్తోంది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. కప్పు ఆయన చేతిలో పెట్టి, లేవకుండా అంది.

"మోసిన మాట నిజమే మామయ్యగారూ. మోయనిది ఒకటుంది. అత్తయ్యని ఆసుపత్రికి వద్దన్నది వదిన కాదు. ఈయన రాకపోవడం ఈయన తప్పూ కాదు. కబురు పంపొద్దన్నది అత్తయ్యే. 'అలిసిపోయానమ్మా, నన్నెక్కడికీ లాగకండి. వాడొస్తే మోసుకుపోతాడు, చెప్పకు' అని నా చెయ్యి పట్టుకుంది. నేను పంపలేదు. ఏడేళ్ళలో ఎవరూ నన్నడగలేదు." కాస్త ఆగింది. "ఇక మీదట కూర కావాలంటే పంపుతాను. మాటలు మాత్రం మీరే తెచ్చుకోండి."

మిరియా పైబట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది. యొకానా లేచి బయటికి వెళ్ళిపోయాడు. నంతేజ ఖాళీ కప్పులు తీసుకుని పెరట్లోకి నడిచింది. రేపటి విందుకి అరటిగెలలు కుప్పగా పడి ఉన్నాయి. చాప మీద కూర్చుని కాయ చెక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఒకటై నా మీద పడతారేమో అనుకుంది. పడనీ. రెండో కాయ అందుకుంది.

చాలాసేపటికి యొకానా వచ్చాడు. "నంతేజా, అక్కకి చెప్పు..." అని తనే ఆగిపోయాడు. ఆమె తలెత్తలేదు. అతని వెనక గుమ్మంలో మిరియా నిలబడి ఉంది.

"అమ్మ... ఇంకా ఏమంది?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

నంతేజ చాప మీద చోటు చూపించింది. "చెప్పాల్సింది చాలా ఉంది. కూర్చోండి. వదినా, నువ్వూ రా. చెరో కత్తి తీసుకోండి."

ఆ వైపు మగవాళ్ళు అరటికాయ చెక్కు తియ్యరు. యొకానా కంచె అవతలికి ఒకసారి చూసి, కూర్చున్నాడు. అతని కత్తికి తొక్కతో పాటు సగం కాయ ఊడొచ్చింది. నంతేజ చూసింది. అతని చేతిలోంచి లాక్కోలేదు.

"ఆ రోజు పొద్దున్నించీ వాన" అని మొదలుపెట్టింది.