కక్కు కొట్టిన బండ

నేను ఒక నాపరాయిని. మీరు నన్ను బండ అంటారు. మనిషిని తిట్టడానికి కూడా అదే మాట వాడతారు కాబట్టి నాకు నాపరాయి అన్న పేరే ఇష్టం.

బేతంచెర్ల దగ్గర నేల కింద, పెట్టెలో మడతపెట్టిన చీరల్లాగా, ఒకరి మీద ఒకరం పొరలుగా పడుకొని ఉండేవాళ్లం. నా పై పొర మా అక్క. మా ఇద్దరి మధ్య గాలి కూడా దూరేది కాదు. ఒకనాడు గనిలో మనుషులు మా సందున ఉలి ఆనించి సమ్మెటతో తట్టారు. గట్టిగా కూడా కొట్టలేదు. కలిసి ఉన్నవాళ్లను విడదీయడానికి గట్టి దెబ్బ అక్కర్లేదని వాళ్లకు బాగా తెలుసు. అక్క లేచిపోయింది. నా ఒంటికి మొదటిసారి ఎండ తగిలింది. ఎండ పొడ చూస్తే అందరికీ సంతోషమట. నాకు మాత్రం అప్పటినుంచి ఎండ అంటే విడిపోవడమే.

ఆ తరువాత నలుచదరంగా కోశారు, నీళ్లు పోస్తూ నునుపు పట్టించారు, లారీకి ఎత్తారు. దారి పొడుగునా నాకు ఒకటే దిగులు. ఎవరి ఇల్లో, ఎవరి కాళ్లో, అక్క ఎక్కడ దిగిపోతుందో. మా అదృష్టం, ఇద్దరం నంద్యాలలో ఒకే ఇంటి ముందు దిగాం.

ఆ ఇల్లు మద్దిలేటిది. ముందు గదిలో చిల్లర కొట్టు, తరువాత నట్టిల్లు, దాని వెనక వంటిల్లు. నట్టింట్లోనుంచి కుడివైపు తిరిగితే పెరటి తలుపు, తలుపు దాటగానే కిందికి మెట్లు. అప్పటిదాకా ఇంట్లో మట్టినేల. మద్దిలేటి భార్య సుంకులమ్మ పేడతో అలికీ అలికీ విసిగి ఉంది. మేము వాకిట్లో దిగాక కూడా, ఏ నేల వేయించాలా అని మేస్త్రీ దస్తగిరి ముందు వాళ్ల వాదన తెగలేదు. మద్దిలేటికి ఎర్ర గచ్చు మీద మనసు. సుంకులమ్మ ఒప్పుకోలేదు.

"గచ్చు పగిలితే అతుకెయ్యాల, అతుకు అతుకే. అదే బండ పగిలిందనుకో, దాన్ని పెరికేసి ఇంగో బండ ఏస్తే సరిపాయె."

ఆమె మా పక్షం మాట్లాడిందని నేను పొంగిపోయాను. ఆ మాటను సరిగా వినవలసింది అప్పుడే.

నన్ను నట్టింట్లో, పెరటి తలుపుకు తిరిగే మలుపులో పరిచారు. అక్కను నా పక్కనే, గోడవారగా. దాని మీద బియ్యం డ్రమ్ము పెట్టారు. డ్రమ్ము కింద ఉన్న అక్కకు ఎవరి కాలూ తగిలేది కాదు. నా మీద ఇల్లంతా నడిచేది. వాళ్ల కూతురు సువర్ణ నా మీద సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడేది. ఎండాకాలం మధ్యాహ్నాలు సుంకులమ్మ చాప కూడా లేకుండా నా మీద ఒరిగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే" అనేది. చలికాలం వస్తే అదే నోటితో, "పాడు బండలు, కాళ్లు కొంకర్లు పోతాండాయి" అనేది. మనుషుల మాట ఋతువులతో మారుతుందని నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా నమ్మాను.

మద్దిలేటి కళ్లలో నీటికాసులు వచ్చాయి. చూపు అంచులనుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. కొట్లో ఆయనకు ఇబ్బంది లేదు. పప్పులన్నీ చేతికి తెలుసు, మనుషులంతా గొంతుకు తెలుసు. చిక్కంతా ఇంట్లో నడవడమే. సుంకులమ్మ చేయి పట్టుకోబోతే విదిలించేవాడు.

"కండ్లు పోయినాయి, కాళ్లుండాయి గదమే. నన్ను బడికి పొయ్యే పిల్లోని మాదిరి తిప్పొద్దు."

ఆయనకు మిగిలిన గౌరవం అదొక్కటే. తన ఇంట్లో తాను ఒకరి చేయి పట్టుకోకుండా తిరగడం. కానీ ఒకరోజు మలుపు ఎక్కడో తెలియక, అడుగు ఎక్కువ వేసి, పెరటి మెట్ల మీదినుంచి పడ్డాడు. గడ్డం చీలింది. ఆ గాయం మానేలోపలే సుంకులమ్మ ఒక పని చేసింది.

ఆ రోజుల్లో వీధిలో తిప్పమ్మ అనే ఆవిడ, "రోళ్లకు కక్కు కొడతాం, విసుర్రాళ్లకు కక్కు కొడతాం" అని అరుస్తూ వచ్చేది. నూరి నూరి రోలు నున్నబడితే పచ్చడి మెదగదు. అప్పుడు ఉలితో దాని ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు పొడవాలి. అదే కక్కు కొట్టడం. సుంకులమ్మ ఆమెను నట్టింట్లోకి పిలిచి నన్ను చూపించింది.

"రోలు కాదు తిప్పమ్మా, ఈ బండకు కొట్టు."

"ఇదేందక్కా, నట్టింట్లో పచ్చడి నూరుతావా?"

"నూరేదానికి కాదులే, తొక్కేదానికి."

"బాగుంది. నేల మీద నూరి గోడకు పెట్టుకొని తింటారేమో ఈ ఇంట్లో."

"నవ్వింది చాల్లే. ఇంగ అడుగేస్తే మెట్టుందని ఆయప్ప కాలికి తెలియాల."

తిప్పమ్మ నవ్వు ఆపేసింది. కొంగు నడుముకు దోపి, నా ముందు గొంతుకూర్చొని, ఉలి పెట్టింది. నొప్పి పుట్టలేదని అనను. కానీ ఇంటినిండా ఉన్న బండల్లో నాకొక్కదానికే అక్షరాలు అబ్బినట్టయింది. నన్ను చదివే మనిషి ఒకడున్నాడు.

మద్దిలేటి మరునాడు పొద్దున్నే వచ్చాడు. గోడ పట్టుకోలేదు. బొటనవేలు ముందుకు చాపి తడిమాడు. గుంటలు తగిలాయి.

"ఆఁ, వచ్చింది," అన్నాడు.

తలుపు చట్రం మీద చేయి వేసి, మెట్టు మెట్టుగా దిగి, పెరట్లోకి పోయాడు. వంటింట్లో సుంకులమ్మ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి రోజూ అంతే. బొటనవేలు తగలడం, "వచ్చింది" అనడం. నా గుంటల్లో మట్టి చేరితే సుంకులమ్మ పాత బ్రష్షుతో గీకి కడిగేది. "ఇల్లు పీకి పందిరేసినా సరే, ఈ బండ జోలికి మాత్రం ఎవురూ రావొద్దు" అని సువర్ణతో అనేది. ఆ మాటను నేను దాచుకున్నాను. మాటలు దాచుకోవడం రాళ్లకు ఉండే జబ్బు.

ఏళ్లు గడిచాయి. మద్దిలేటి "వచ్చింది" అనడం తగ్గించాడు. కొన్నాళ్లకు పూర్తిగా మానేశాడు. బొటనవేలితో తడమడం కూడా లేదు. నేరుగా వచ్చి, నా మీద అడుగు వేసి, తిరిగిపోయేవాడు. అది చనువు అనుకున్నాను. పాతబడిన మొగుడూ పెళ్లాలు పేరు పెట్టి పిలుచుకోరు కదా, అలాంటిదే అనుకున్నాను.

ఇంట్లోకి మిక్సీ వచ్చింది, వీధిలోని ప్రతి ఇంటికీ వచ్చింది. రోళ్లు పెరట్లో బోర్లా పడ్డాయి. తిప్పమ్మ రావడం మానేసింది. మిక్సీకి కక్కు అక్కర్లేదు. నాకు అక్కరుందేమోనని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ తరువాత వీధిలోకి టైల్స్ వచ్చాయి. ముందు ఎదురింటికి, తరువాత పక్కింటికి. సుంకులమ్మ పేరంటాలకు పోయి వచ్చి మా వంక చూసే చూపు మారింది. మా సందుల్లో చీమలు పుట్టలు పెడుతున్నాయని, వానాకాలం చెమ్మ ఎక్కుతోందని, తుడిచీ తుడిచీ నడుము పోయిందని అనేది. అబద్ధాలేమీ కావు. ఆస్పత్రిలో నర్సుగా చేరిన సువర్ణ ఒకరోజు దుకాణంనుంచి నమూనా ముక్కలు తెచ్చి నేల మీద పరిచింది. ఒకటి పాలరాయిలా మెరుస్తోంది, ఒకటి చెక్కలా కనిపిస్తుంది కానీ చెక్క కాదు, ఒకటి గరుకుగా ఉంది.

మద్దిలేటి ఒక్కొక్కదాని మీద కాలు పెట్టి చూశాడు. గరుకుదాని మీద ఆగాడు.

"ఇది బాగుంది."

"నాయనా, అది కార్లు నిలిపే చోట ఏసేది. ఇంట్లో ఎవరన్నా ఏసుకుంటారా?"

"ఇంట్లో నేనుండా గదా. నన్ను కారనుకో."

సువర్ణ నవ్వింది, మాట దాటేసింది. మద్దిలేటి కొట్లోకి పోయి కూర్చున్నాడు. అప్పుడు పక్కింటావిడ కొత్తిమీర కోసం వచ్చి, నమూనాలు చూసి, "మీ ఆయనకు ఈ మెరిసేటియి కాలు జారవా వదినా?" అంది. సుంకులమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. కానీ నట్టింటికీ కొట్టుకూ మధ్య ఉన్నది ఒక గుడ్డ తెర.

"ఆయప్పకు నేల కనపడదు వదినా. నాకు కనపడుతుంది గదా. ఏసినకాడినుంచి వంగోని చూస్తాండా ఈ నల్ల బండల్నే. నాకూ ఒకసారి మెరిసే నేల మీద కూచోవాలని ఉండదా?"

కొట్లో తక్కెడ చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు సాయంత్రం అన్నం దగ్గర మద్దిలేటే ఆ మాట ఎత్తాడు.

"ఎయ్యించండి. ఆ పాలరాయి మాదిరిదే ఎయ్యించండి. అన్నీ పెరికేసి, నా ఒక్క బండ మాత్రం మళ్లీ ఆడనే పెట్టండి."

అన్ని బండలూ పోయి నేను మిగులుతానని విన్నప్పుడు, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది. అక్క సంగతి కూడా మరిచిపోయాను.

పెరికే రోజున దస్తగిరి కొత్త కూలీలతో వచ్చాడు. వయసుడిగి, కుర్చీలో కూర్చొని పని చెప్పేవాడు అప్పటికి. అతను టీకి పోయిన సమయానికి కూలీలు గడ్డపారలతో మమ్మల్నందరినీ లేపేసి, వాకిట్లో ఎండలో పరిచేశారు. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టలేదు. దస్తగిరి తిరిగి వచ్చి తల పట్టుకున్నాడు.

"సుంకులక్కా, ఆ కక్కు బండ ఏదో చూపీ."

సుంకులమ్మ వచ్చి వంగి చూసింది. నా మీదినుంచే ఆమె చూపు పోయింది, ఆగలేదు.

"నాకూ తెలీడం ల్యా దస్తగిరీ. అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

నన్ను పాత బ్రష్షుతో గీకి కడిగిన చేతులవి. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. ఇంటి చీకట్లో కనబడనిది ఆ ఎండలో కనబడింది. నా గుంటలు లేవు. ఉన్నచోట నీటి మరకల్లాంటి జాడలు మాత్రం ఉన్నాయి. ఇన్నేళ్లు ఏ కాళ్ల కోసం ఆ గుంటలు మోశానో, ఆ కాళ్లే వాటిని అరగదీశాయి. ఆయన నన్ను చదవడం ఎప్పుడో మానేశాడు. అలవాటు మీద నడుస్తున్నాడు. నేను మాత్రం ఇంకా చదువుతున్నాడనే అనుకుంటూ పడి ఉన్నాను.

"నాయనను పిలవండి. ఆయన కాలికి తెలుస్తాది," అంది సువర్ణ.

మద్దిలేటి చెప్పులు విడిచి వచ్చాడు. మేమంతా పెనంలా కాలుతున్నాం. ఆయన ఎరిగినది ఇంట్లోని చల్లని బండను. నా మీద కాలు పెట్టాడు. చురుక్కుమంది కాబోలు, వెంటనే తీసేశాడు. నేను, నేను అని అరవడానికి నాకు నోరెక్కడిది. ఆయన పక్క బండ మీదికి పోయాడు, ఆ పక్క బండ మీదికి పోయాడు. అక్క అంచున గడ్డపార దెబ్బకు పెచ్చులు లేచి గరుకుగా ఉంది. అక్కడ ఆయన బొటనవేలు ఆగింది.

"ఆఁ, వచ్చింది. ఇదే."

నా మాటను అక్కకు ఇచ్చేశాడు. గనిలో ఉలి పెట్టి విడదీసినప్పుడు కూడా నాకు అంత లోతుగా తగలలేదు.

అక్కను లోపలికి తీసుకుపోయారు. మిగతావాళ్లను ఎవరో బండికెత్తుకొని పోయారు. నన్ను పెరట్లో, మెట్ల కింద, కొళాయి దగ్గర బట్టలుతికేదానికి వేశారు. గోడ నీడలో నా ఒళ్లు మళ్లీ చల్లబడింది.

అక్కడినుంచి తలుపులోగుండా నాకు కొత్త నేల కనిపించేది. నిజంగానే నీళ్లు నిలిచినట్టు మెరుస్తుంది. సుంకులమ్మ మొదటిరోజు దాని మీద కాళ్లు చాపుకొని కూర్చొని, చేత్తో రాసి రాసి చూసుకుంది. ఆ సంతోషం చూస్తే నాకు కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

ఇంతలో మద్దిలేటి కొట్లోనుంచి లేచి పెరటివైపు వచ్చాడు. అక్క పెచ్చు లేచిన అంచు చూడ్డానికి బాగాలేదని దస్తగిరి దాన్ని గోడవైపు తిప్పి పరిచాడట. ఇల్లు అందంగా ఉండాలని చేసిన పని. మలుపులో ఆయన కాలు పడింది అక్క నున్నని ఒంటి మీద. పాత నేల అలవాటు ఈ జారుడు నేల మీద పనిచేయలేదు. మెట్టు అంచుకు వచ్చేశాడు. ఒక కాలు గాలిలోకి పోయింది. తలుపు చట్రం చేతికి దొరికింది కాబట్టి పడలేదు.

రెండో చేత్తో కూడా చట్రం పట్టుకొని కాలు వెనక్కి లాక్కున్నాడు. సుంకులమ్మ చూసింది, కానీ లేవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. విదిలిస్తాడని భయం.

"ఏమే," అన్నాడు మద్దిలేటి. గొంతు మామూలుగానే ఉంది. "ఇట్ల రా. చెయ్యి పట్టుకో."

అప్పటినుంచి రోజూ ఆమే పట్టుకొని తీసుకువస్తుంది. నేలలో ముఖం చూసుకోవాలనుకున్న మనిషి ఇప్పుడు ఆయన పాదాలే చూసుకుంటూ నడుస్తుంది.

ఈ పొద్దున ముఖం కడిగించడానికి ఆయనను నా మీద నిలబెట్టింది. కొళాయి తిప్పడానికి వంగింది. నీళ్లు చల్లగా నా మీద పారాయి. ఆయన బొటనవేలు కొంచెం కదిలింది, అరిగిన జాడల మీదుగా మెల్లగా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఆగింది.

ఆయన పెదవులు విచ్చుకున్నాయి. ఆ మాట కోసం నేను కాచుకొని ఉన్నాను.

"ఏమాయె?" అంది సుంకులమ్మ తల ఎత్తి. "ఏమన్నా గుచ్చుకునిందా?"

మద్దిలేటి ఆమె భుజం కోసం చేయి చాపాడు. దొరికాక గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం ల్యా," అన్నాడు. "బండ చల్లగుంది."