తెల్ల చుక్క, పసుపు చుక్క

సర్వేయరమ్మ జీపు నాలుగోసారి తిరిగొచ్చింది. రోడ్డు మీద వస్తున్నంతసేపూ బాగానే ఉంది. మా షెడ్డు గేటు దాటి, ఆగి, ఆవిడ పెడలు మీంచి కాలు తియ్యగానే బండి వణకడం మొదలుపెట్టింది. బానెట్టు, అద్దాలు, వెనక వేసిన కొలత గొలుసులు అన్నీ కలిసి గలగలమన్నాయి.

"మేస్త్రీ, నా బండికి చలిజ్వరం తగ్గలేదు," అంది నాతో, దిగుతూ. "కొండ మీద కాసేపు ఆగి కాగితాలు చూసుకుందామంటే పళ్ళు టకటకలాడుతున్నాయి. గొలుసు పట్టే మా వాడైతే బండి ఆగినప్పుడల్లా దూకేస్తున్నాడు, కడుపులో తిప్పుతోందని."

"నెల తప్పాడేమో కనుక్కోండమ్మా," అన్నాడు నా బావమరిది.

ఆవిడ నవ్వింది. షెడ్డు ఓనరు నవ్వలేదు. ఆవిడ ఆఫీసు బళ్ళు పన్నెండు. అన్నీ మా షెడ్డుకే వస్తాయి. కొండలు, వాగులు, రాళ్ళ మీద తిరిగే బళ్ళు కాబట్టి నెలలో సగం రోజులు మా దగ్గరే ఉంటాయి.

"సాయంత్రం ఐదింటికి వస్తాను. పైన రెండు వారాల పని ఉంది. ఇప్పుడు కూడా ఇలాగే ఉంటే పన్నెండు బళ్ళూ వేరే షెడ్డుకి పోతాయి. నా మాట కాదు, పైవాళ్ళ మాట," అనేసి ఆవిడ నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఓనరు మా ఇద్దర్నీ పిలిచాడు. "ఎవరి చెయ్యి వల్ల ఇలా అయిందో ఇవాళ తేలాలి. తేలాక ఆ చెయ్యి రేపటినుంచి ఇక్కడ ఉండదు."

అంటున్నంతసేపూ బావమరిదినే చూశాడు. నన్ను చూడాల్సిన అవసరం ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి నాది.

బావమరిది అంటే నా భార్య తమ్ముడు. పదకొండేళ్ళ కిందట ఆవిడే బతిమాలి వాణ్ణి నా దగ్గర పనిలో పెట్టించింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడ ముక్కు, ఆవిడ నవ్వు, మాట మధ్యలో తల గోక్కునే అలవాటు, అన్నీ వీడి దగ్గర ఉండిపోయాయి. పొద్దున్న ఎనిమిదింటికి అవి గేటు తీసుకుని లోపలికొస్తాయి. ఉండాల్సింది పోయింది, పోయినా ఫరవాలేనిది ఉంది. వాణ్ణి చూస్తే ఒళ్ళు మండడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు.

షెడ్డులో వాణ్ణి 'రేకులు' అంటారు. ఆ పేరు నేను పెట్టిందే. ఇంజను పై మూత కింద ఎనిమిది వాల్వులుంటాయి. ఒక్కోదాని పైన వెంట్రుకంత సందు వదిలి నట్టు బిగించాలి. ఆ సందు కొలవడానికి సన్నటి ఉక్కు రేకుల కట్ట ఉంటుంది. వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. నేను వేలితో అదిమి, కదిపి చూసి బిగించేస్తాను. ముప్పై ఏళ్ళుగా అంతే. "గుడ్డివాడికి కర్ర, నీకు రేకులు" అని వాణ్ణి వందమంది ముందు అని ఉంటాను. వాడు పళ్ళికిలించి మళ్ళీ రేకే పెట్టేవాడు.

ఓనరు తండ్రి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. వాల్వు సందు సరిచేసినవాడు నట్టు మీద తన రంగు చుక్క పెట్టాలి. తర్వాత గొడవొస్తే చుక్కే సాక్షి. నాది తెలుపు. వాడిది పసుపు.

పని మొదలుపెట్టాం. వచ్చిన మూడుసార్లూ ఏం చేశామో ముందు చెప్పుకున్నాం. మొదటిసారి ప్లగ్గులు మార్చాం. రెండోసారి కార్బురేటరు విప్పి కడిగాం. మూడోసారి గాలి గొట్టాల మీద సబ్బు నీళ్ళు పోసి ఎక్కడైనా పీలుస్తోందేమోనని వెతికాం. మూడుసార్లూ బండిని రాత్రి ఇక్కడే ఉంచుకుని పొద్దున్నే చూశాం. పొద్దున్న అది పాలు తాగిన పిల్లలా నిద్రపోయేది. బాగైందని ఇచ్చేవాళ్ళం.

"వేడెక్కాకే రోగం బావా," అన్నాడు వాడు. "మనం చల్లగా ఉన్నప్పుడే నాడి చూశాం. ఇప్పుడు వేడి మీదుంది, ఆపకుండా చూద్దాం."

నేను అనాల్సిన మాట వాడన్నాడు. ఓనరు తలూపాడు.

ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు తీగలు ఒక్కొక్కటీ లాగాను. మొదటిది లాగితే ఇంజను ఇంకా కుంటింది. రెండోది, అంతే. నాలుగోది, అంతే. మూడోది లాగినా ఏ మార్పూ లేదు. ముందునుంచీ పని చెయ్యనివాడు సెలవు పెడితే ఎవరికి తెలుస్తుంది? నిప్పురవ్వ చూస్తే బాగానే ఉంది. లోపలి ఒత్తిడి కొలిచాం. మిగతా మూడు సిలిండర్లలో నూట నలభై దగ్గర ముల్లు ఆగింది, మూడోదాంట్లో అరవై. అందులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచాం. రింగులు అరిగి ఉంటే పెరగాలి. పెరగలేదు. అంటే లీకు కింద కాదు, పైన, వాల్వు దగ్గర.

మళ్ళీ స్టార్టు చేసి, బావమరిది పాత బిల్లు కాగితం చింపి పొగ గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాడు. కాగితం రెపరెపలాడుతూ ఉండుండి గొట్టానికి టపుక్కున అతుక్కుంది.

"చూశారా సార్? ముక్కు చీదాల్సింది ఎగబీలుస్తోంది. పొగ వదిలే వాల్వు. సందు చాలదు, వేడెక్కినప్పుడు వాల్వు సాగి పూర్తిగా మూసుకోవడం లేదు."

"సందు ఎవరు పెట్టారు?" అన్నాడు ఓనరు.

నాలుగు నెలల కిందట ఆ ఇంజను తల, అంటే వాల్వులుండే పై భాగం, దించి ఎక్కించాం. అప్పుడు పెట్టిన సందులు. అప్పటి పనులెవరివో ఓనరుకు గుర్తుండవు.

"చల్లారాక మూత విప్పండి. చుక్కే చెబుతుంది," అని అన్నానికి వెళ్ళిపోయాడు.

బావమరిది వెంటనే వెళ్ళలేదు. తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"బావా, మొదటి రెండు సిలిండర్లు నేను చేశాను. 'ఈ రేకులతో పొద్దుగూకేదాకా నూరతావు, జరుగు' అని మూడు, నాలుగు నువ్వు చేశావు. గుర్తుందా?"

"అయితే?"

"ఏం లేదు. కొండలెక్కి ఎక్కి నట్టు కదిలిందందాం. నట్లు కదలకుండా ఉంటాయా? ఆయన్ని నేను ఒప్పిస్తాలే. నువ్వు మాట్లాడకు. రా, రెండు ముద్దలు తిందువుగాని."

"ఆకలి లేదు పో."

వాడు వెళ్ళాక గేటు దగ్గరికి వేశాను. ఇంజను చల్లారేదాకా స్టూలు మీద కూర్చున్నాను. వాడి దయ మీద నేను బతకాలి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆ ముక్కు, ఆ నవ్వు గేటు తీసుకుని లోపలికొస్తాయి, నన్ను కాపాడినవాడి మొహంలో. చచ్చేదాకా రోజూ.

మూత విప్పాను. మొదటి నాలుగు నట్ల మీద పసుపు చుక్కలు, నూనెలో నాని గోధుమరంగు తిరిగాయి. తర్వాతి నాలుగింటి మీద తెల్ల చుక్కలు. మూడో సిలిండరు పొగ వాల్వు దగ్గర అన్నిటికంటే సన్న రేకు పెట్టాను. దూరలేదు.

ఈ సంగతి నాకు కొత్త కాదు. రెండేళ్ళుగా నా వేళ్ళ చివరలు మొద్దుబారిపోయాయి. ఒకరోజు టీ తాగి గ్లాసు కింద పెట్టి చూస్తే బొటనవేలి మీద బొబ్బ ఉంది. కాలిందని చెయ్యి చెప్పలేదు, కన్ను చెప్పింది. ఎవరితోనూ అనలేదు. నట్టు మీద వేలు పెట్టేవాణ్ణి, అలవాటు కొద్దీ కదిపేవాణ్ణి, తెలిసినట్టు తలాడించి బిగించేవాణ్ణి. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే.

పెట్రోలు గుడ్డతో నాలుగు తెల్ల చుక్కలూ తుడిచేశాను. వాడి డబ్బా తెరిచి నాలుగు పసుపు చుక్కలు పెట్టాను. బల్బు దగ్గరికి లాగి ఆరబెట్టాను. మసి కలిపిన పాత నూనె పూశాను. పావుగంట పని.

ఓనరు వచ్చి లైటు వేసి చూశాడు. "ఎనిమిదీ పసుపే."

బావమరిది వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"బావా," అన్నాడు. అంతే.

"ఏం, రేకు పెట్టి మరీ చేస్తావుగా?" అన్నాను. "రేకు తుప్పు పట్టిందా, చెయ్యి తుప్పు పట్టిందా?"

అప్పుడు వాడి మొహంలో నవ్వు పోయింది. అది పోయాక అందులోంచి నా భార్య కూడా పోయింది. ఎవడో నలభై ఏళ్ళవాడు నిలబడి ఉన్నాడు. చూడ్డానికి తేలికగా ఉంది.

"సార్, చివరి నాలుగూ నావి కావు. బావవి. బావ వేళ్ళకి స్పర్శ లేదు. మొన్న కాలుతున్న ప్లగ్గుని జామకాయలా పట్టుకుని నిలబడ్డాడు. నేను చూశాను. కావాలంటే ఇప్పుడే పరీక్ష పెట్టండి."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట," అన్నాను.

ఓనరుకు మా ఇద్దరి మాటా నచ్చలేదు. వాడి జేబులోంచి రేకుల కట్ట లాక్కుని రెండు రేకులు విడదీశాడు. "కళ్ళు మూసుకోండి మేస్త్రీ." వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. నా వేలు తీసుకుని వాటి మీద పెట్టాడు. "ఏది మందం?"

వేలు అటు జరిపాను. ఇటు జరిపాను. బల్ల కూడా తెలియలేదు. వంచి చూస్తే గట్టిదేదో మణికట్టుకి తెలిసేది, కానీ ఆయన అదిమి పట్టుకున్నాడు.

"మీ నాన్నగారుంటే నాకీ పరీక్ష పెట్టేవారు కాదు," అన్నాను.

"చెప్పండి."

"కుడిది."

కళ్ళు తెరిచాను. ఓనరు రేకుల మీద అంకెలు చూస్తున్నాడు. కుడిదే.

"మళ్ళీ పెట్టండి సార్," అన్నాడు బావమరిది. "మూడుసార్లు పెట్టండి. ఒక్కసారైతే ఎవడైనా చెబుతాడు."

"ఇదేమన్నా బొమ్మా బొరుసా?" అని అరిచాడు ఓనరు. "పెద్దాయనకి పరీక్ష పెట్టించావు నాచేత. తప్పు చేసిందిగాక సొంత బావ మీద తోస్తావా? పానాలు సర్దుకుని నడు."

 

వాడు పానాలు గుడ్డలో మూట కట్టుకున్నాడు. రేకుల కట్ట జేబులో పెట్టుకున్నాడు. నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. ఓనరుకు వినపడకుండా చెప్పాడు.

"రెండేళ్ళుగా నువ్వు ఇంటికెళ్ళాక నీ బళ్ళన్నీ నేను మళ్ళీ కొలుస్తున్నాను బావా. నీ చుక్క చెరపకుండా నట్టు తిప్పడానికి నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు? ఈ ఒక్క బండి తప్పిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. అక్క పోయిన తేదీ. నువ్వు రాలేదు, పనిలో ఉన్నావు."

తేదీ నాకు తెలుసు. ఆ రోజు వీడి మొహం చూస్తూ ఇంట్లో కూర్చోలేకే పనిలో ఉన్నాను.

"ఇక నీ వెనక ఎవరు చూస్తారు?" అన్నాడు. బెదిరింపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. దానికి ఇంకా మండింది.

"పోతూ పోతూ గేటు వేసి పో," అన్నాను.

వేసి పోయాడు. చప్పుడు కాకుండా వేశాడు.

ఓనరు బీరువాలోంచి కొత్త రేకుల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. "మీకు అక్కర్లేదనుకోండి. అయినా ఈ ఒక్క బండికీ రేకు పెట్టి చెయ్యండి."

పెట్టాను. రేకు సందులో దూరాలి, లాగితే కాస్త పట్టి పట్టి జారాలి. వెన్నలో కత్తిలా జారితే సందు ఎక్కువ, అస్సలు జారకపోతే తక్కువ. ఆ కాస్త పట్టు ఎంతో చెప్పాల్సింది రేకు కాదు, వేలు. లాగాను. రేకు కదలడం కనిపించింది. పట్టి కదిలిందో, ఊరికే కదిలిందో తెలియలేదు. నట్టు ఇంకాస్త తిప్పాను. మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే. ఓనరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. తలాడించి బిగించేశాను. ఎనిమిదీ అలాగే చేశాను. వాడు సరిగ్గా పెట్టిన మొదటి నాలుగు కూడా విప్పి నా చేత్తోనే బిగించాను.

ఐదింటికి సర్వేయరమ్మ వచ్చింది. స్టార్టు చేశాను. ఇంజను చప్పుడు లేకుండా తిరిగింది. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు బానెట్టు మీద పెట్టి వంగి చూసింది. నీళ్ళు కదల్లేదు.

"అబ్బ! జ్వరం దిగింది," అంది. "ఆ నవ్వించే ఆయనేడీ?"

"మానేశాడు," అన్నాను.

ఓనరు నా దగ్గరికి జరిగాడు. "మేస్త్రీ, ఓ అరగంట తిరగనిచ్చి, వేడెక్కాక చూసి ఇద్దామా?"

"మధ్యాహ్నం పెట్టిన పరీక్ష చాల్లేదా? నా చేతి మీద నమ్మకం లేకపోతే ఆ మాట చెప్పండి, నేనూ పానాలు సర్దుకుంటాను."

ఓనరు తల దించుకున్నాడు.

ఆవిడ బండెక్కింది. వెనక గొలుసు పట్టేవాడు ఎక్కాడు. రెండు వారాల సామాను, నీళ్ళ డబ్బాలు, గుడారం.

"పైన ఫోను కూడా అందదు మేస్త్రీ. ధైర్యంగా వెళ్ళొచ్చుగా?"

"వెళ్ళండమ్మా," అని గేటు నేనే తీశాను. ఇంజను ఇంకా చల్లగానే ఉంది.